గ్రీన్‌కార్డ్ పెండింగ్‌లో ఉండగా ఉద్యోగం చేయొచ్చా?

మీ ఆయన అమెరికన్ సిటిజన్, మీరు ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నారు, ఇక్కడి నుంచే గ్రీన్‌కార్డ్‌కి వేస్తున్నారు, ఈలోపు ఉద్యోగం చేయొచ్చా అని కదా అడిగారు. చేయొచ్చు, ఈఏడీ (పని అనుమతి కార్డ్) చేతికొచ్చాక. ఓపీటీ (చదువయ్యాక ఎఫ్-1 వాళ్లకిచ్చే తాత్కాలిక పని అనుమతి) ఇంకా మిగిలుంటే దాని మీద చేసుకోండి, అంతేగానీ ఐ-485 (గ్రీన్‌కార్డ్ దరఖాస్తు) రసీదు మాత్రం పనికి అనుమతి కాదు. అందుకే ఐ-130 (మీ ఆయన మీకోసం వేసే పిటిషన్), ఐ-485తో పాటే ఐ-765 (ఈఏడీ దరఖాస్తు) కూడా పంపేయండి, అందులో కేటగిరీ (సి)(9) అని రాయండి. 2024 ఏప్రిల్‌కి ముందు దానికి విడిగా ఫీజు లేదు, అప్పటి నుంచి 260 డాలర్లు పెట్టారు. ఐ-485కే 1,440 కట్టాం కదా, ఇది తర్వాత చూద్దాం అనుకుంటారు చాలామంది. వద్దు.

నా సంగతే చెప్తా. అప్పటికి నా ఓపీటీ అయిపోయింది, ఈఏడీ కార్డ్ ఇంకా రాలేదు. డాలస్‌లో చుట్టాలింట్లో సత్యనారాయణ వ్రతం. భోజనాల దగ్గర మా చిన్నమావయ్య గారు, ఆయనకి గ్యాస్ స్టేషన్ ఉంది, "ఖాళీగా ఎందుకమ్మా, కౌంటర్లో కూర్చో, క్యాష్ ఇస్తా, సిటిజన్ భార్యని ఎవరడుగుతారు" అన్నారు. అందరూ తలలూపారు. అనుమతి లేకుండా పనిచేసినా సిటిజన్ భార్యకి అదంతా మాఫీ అని పక్కనుంచి ఇంకొకరు. ఆ మాట నిజమే, అదొక్క కారణంతోనే గ్రీన్‌కార్డ్ ఆగిపోదు. కానీ అనుమతి లేకుండా ఎప్పుడైనా పనిచేశారా అని ఐ-485లోనే ఒక ప్రశ్న ఉంటుంది, ఇంటర్వ్యూలో ప్రమాణం చేయించి మరీ అడగొచ్చు. అక్కడ అబద్ధం చెబితే దానికి ఈ మాఫీ వర్తించదు. "అబద్ధం చెప్పలేను మావయ్య గారూ, నన్ను వదిలేయండి" అన్నాను. ఆయనకి కోపమొచ్చింది, చాలాకాలం మాట్లాడలేదు. మావారు నా పక్కనే నిలబడ్డారు, అది చాలు నాకు. భర్తది గ్రీన్‌కార్డే అయితే ఆ మాఫీ కూడా ఉండదు, ఈ ముక్క వాట్సాప్ గ్రూపుల్లో సలహాలిచ్చేవాళ్లు ఒక్కరూ చెప్పరు.

ఎంఎస్ చేసిన అమ్మాయిని పట్టుకుని "ఇంట్లో ఏం చేస్తున్నావ్" అని ప్రతి ఫంక్షన్‌లో అడగడం ఆపాలి మన వాళ్లు. కూరగాయలకి కూడా ఇంకొకరి కార్డ్ గీయాల్సి రావడం ఎంత బాధో అడిగేవాళ్లకి తెలీదు.

ఐ-131 కూడా కలిపి వేయండి, అది అడ్వాన్స్ పెరోల్‌కి (దేశం దాటి తిరిగి రావడానికి ముందుగా తీసుకునే అనుమతికి) దరఖాస్తు. ఎఫ్-1 వాళ్లు అడ్వాన్స్ పెరోల్ లేకుండా ఇండియా వెళితే ఐ-485 వదిలేసుకున్నట్టే లెక్క, ఎవరి పెళ్లయినా సరే ఆగండి. సోషల్ సెక్యూరిటీ నంబర్ లేకపోతే ఐ-765లోనే అడిగే వీలుందేమో ఇప్పటి ఫారంలో చూసుకోండి. ఈఏడీ కార్డ్ పోస్టులో వస్తుంది కాబట్టి మెయిల్‌బాక్స్ మీద మీ పేరు కూడా అతికించండి, ఇల్లు మారితే 10 రోజుల్లోపు యూఎస్‌సీఐఎస్‌కి (ఈ దరఖాస్తులు చూసే అమెరికా ఇమిగ్రేషన్ ఆఫీసుకి) చెప్పండి.