స్కూలు పోలీసుగా చేరుతున్న మా శైలుకి

చి. శైలుకి పెద్దనాయన ఆశీస్సులు.

నువ్వు అమెరికాలో జార్జియా రాష్ట్రంలో షెరీఫ్ ఆఫీసు (అక్కడి జిల్లా పోలీసు) తరఫున ఒక హైస్కూల్లో పోలీసుగా చేరబోతున్నావని నిన్న రాత్రి మీ నాయన ఫోన్ చేసి చెప్పాడు. వినగానే మీ పెద్దమ్మ గోవిందరాజస్వామి గుడికి బయల్దేరింది. నేను మీ నాయన మీద అరిచాను. చక్కగా చదువుకున్న పిల్లను తుపాకుల మధ్యకు పంపుతావా అన్నాను. ఫోన్ పెట్టేశాక, ఈ ఇంట్లో నా తర్వాత యూనిఫాం వేసుకునేది నువ్వే కదా అనుకుంటే గొంతు పట్టేసింది. నిద్ర రాలేదు. అందుకే రాస్తున్నాను.

తూటాలు ఆపే వెస్టు ఉక్కపోస్తోందని విప్పొద్దు. వేళకు తిను. స్కూలుకు ఎన్ని తలుపులున్నాయో మొదటి రోజే నడిచి చూసుకో. మిగతావి ట్రైనింగులో నేర్పిస్తారు.

నేను చెప్పేది ఒకటే విషయం. ఒక పిల్లవాడు ఫలానావాళ్లను చంపేస్తానన్నాడని నీ చెవిన పడితే ఎప్పుడు కదలాలి? "ఇంకా నేరం జరగలేదు కదా, మనమేం చేస్తాం" అన్న మాట సర్వీసంతా విన్నాను. అరెస్టు చెయ్యాలంటే నేరం కావాలి. ఇంటికి వెళ్లి మాట్లాడటానికి అది అక్కర్లేదు. ఈ తేడా తెలియక పోయిన ప్రాణాలున్నాయి.

నువ్వు పుట్టకముందు పలమనేరు వైపు ఒక పోలీసు స్టేషన్లో నేను రైటరుగా, అంటే రికార్డులు రాసే పనిలో ఉన్నాను. ఒకరోజు హెడ్మాస్టరు ఒక నోటుపుస్తకం పట్టుకొచ్చాడు. పదో తరగతి పిల్లవాడిది. చివరి పేజీలో ముగ్గురు క్లాసుమేట్ల పేర్లు, పక్కన ఎర్ర ఇంకుతో తుపాకీ బొమ్మ, కింద "పండగ సెలవుల తర్వాత" అని రాసి ఉంది. మా ఆఫీసరు తండ్రిని పిలిపించాడు. ఇక మీద ఇలా జరగదని తెల్లకాగితం రాయించి వేలిముద్ర వేయించమన్నాడు. నేను స్టాంపు ప్యాడ్ ముందుకు జరిపితే, ఆ మనిషి బొటనవేలు అప్పటికే నల్లగా ఉంది. గోరు సందుల్లో తుపాకీమందు. శనక్కాయ చేలోకి అడవిపందులు దిగకుండా ఆ ఊళ్లో చాలామంది దగ్గర నాటుతుపాకులుండేవి. "సార్, ఇంట్లో తుపాకీ ఉన్నట్టుంది, పోయి చూద్దాం" అన్నాను. "రైతన్నాక ఉండదా? పిల్లోడు ఏదో గీసుకుంటే కేసులు పెట్టి వాడి చదువు చెడగొడదామా?" అన్నాడు ఆఫీసరు. కాగితం ఫైల్లోకి వెళ్లింది.

సంక్రాంతి సెలవులు అయ్యాక ఆ పిల్లవాడు తుపాకీని గోనెసంచిలో చుట్టుకుని బడికి వచ్చాడు. ఒకే ఒక్క దెబ్బ. రవ్వలు తగిలి ఒక పిల్లవాడి కన్ను పోయింది. నాటుతుపాకీకి మళ్లీ మందు కూరాలంటే టైం పడుతుంది, ఆలోపే డ్రిల్లు మాస్టరు మీదపడి పట్టుకున్నాడు. లేకపోతే ఆ లిస్టులో ఇంకా రెండు పేర్లున్నాయి. నువ్వు వెళ్లే చోట పిల్లల చేతికి దొరికే తుపాకులు మందు కూరేదాకా ఆగవు శైలూ. అందుకే నాకు భయం.

ఆ ఆఫీసరు చెడ్డవాడు కాదు, పిల్లవాడి మీద జాలిపడ్డాడు. జాలి పడటం తప్పని నేననను. కానీ కేసు పెట్టాలా వద్దా అన్న ఒక్క ప్రశ్నే వేసుకున్నాడు. తుపాకీ ఎక్కడుంది అని అడగలేదు.

2024 సెప్టెంబరు 4న మీ రాష్ట్రంలోనే, విండర్‌లో అపలాచీ హైస్కూల్లో ఇద్దరు పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. కాల్చాడన్న కేసు 14 ఏళ్ల పిల్లవాడి మీద. అప్పటినుంచి దొరికిందల్లా చదువుతున్నాను. అంతకుముందు ఏడాది మే నెలలోనే, స్కూల్లో కాల్పులు జరుపుతానని ఆన్‌లైన్లో బెదిరింపులు వచ్చాయని ఎఫ్‌బీఐకి తెలిసింది. అప్పుడు వాళ్లున్న పక్క కౌంటీ (జిల్లా) పోలీసులు వెళ్లి ఈ పిల్లవాడితో, వాడి తండ్రితో మాట్లాడారు. పిల్లవాడు నేను కాదన్నాడు. వేట తుపాకులున్నాయి కానీ నేను లేకుండా వాడు ముట్టుకోడని తండ్రి అన్నాడు. ఆ అకౌంటు ఎవరిదో తేల్చలేక కేసు మూసేశారు. చుట్టుపక్కల స్కూళ్లకు ఓ కన్నేసి ఉంచమని చెప్పారని ఎఫ్‌బీఐ అంది. ఆ ఏడాది క్రిస్మస్‌కు తండ్రే వాడికి రైఫిల్ కొనిచ్చాడని ప్రాసిక్యూషన్ చెప్పింది. కుటుంబం కౌంటీ మారింది, స్కూలు మారింది.

వాళ్లు వెళ్లారు, అడిగారు. అంతవరకు మంచిదే. మళ్లీ ఒకసారి వెళ్లి ఉంటే అని నా బాధ. ఇలాంటి కేసు ఒక్కసారి చూస్తే అయిపోదు. మూడు నెలలకు మళ్లీ వెళ్లు. తుపాకులకు తాళం వేశామంటే ఆ తాళం ఒకసారి చూపిస్తారా అని మర్యాదగా అడుగు. కుదరదంటే కుదరదన్నారని రాసుకో, అదీ ఒక సమాచారమే. వారెంటు లేకుండా బలవంతం చెయ్యలేవు. ఫ్లోరిడాలో 2018 నుంచి కోర్టు ఉత్తర్వుతో తుపాకులు కొన్నాళ్లు తీసి ఉంచే చట్టం ఉంది. మీ జార్జియాలో అలాంటిది లేదు. కాబట్టి నీ బలమంతా తల్లిదండ్రులను ఒప్పించడంలోనే ఉంది. నువ్వు చిన్నప్పుడు బైరాగిపట్టెడలో పాలవాడితో గొడవపడి, చివరికి వాడిచేతే నవ్వుతూ తప్పు ఒప్పించావు చూడు, ఆ నేర్పు ఇక్కడ పనికొస్తుంది.

అమెరికా సీక్రెట్ సర్వీస్ వాళ్లు 41 స్కూలు దాడులు పరిశీలించి 2019లో నివేదిక ఇచ్చారు. తుపాకీ వాడిన వాళ్లలో ఎక్కువమందికి అది దొరికింది ఇంట్లోనో, దగ్గరి బంధువుల దగ్గరో. జరగకుండా ఆగిపోయిన 67 పథకాల మీద 2021లో ఇంకొకటి ఇచ్చారు. అందులో ఎక్కువగా ముందు నోరు విప్పింది తోటి పిల్లలే. నీతో చెబితే తమ పేరు బయటికి రాదన్న నమ్మకం వాళ్లకు కలిగించు. క్యాంటీన్లో వాళ్ల మధ్య కూర్చుని తిను.

వచ్చిన మాటను నీ దగ్గరే పెట్టుకోకు. ఫ్లోరిడాలో పార్క్‌లాండ్ స్కూల్లో కాల్పులు జరిపిన కుర్రాడి గురించి 2018 జనవరి 5న అతన్ని దగ్గరగా ఎరిగిన మనిషే ఎఫ్‌బీఐకి ఫోన్ చేసి చెప్పారు. ఆ సమాచారం మయామీ ఆఫీసుకు చేరలేదు. ఫిబ్రవరి 14న 17 మంది పోయారు. ఆ నలభై రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెయ్యి వణుకుతుంది.

అలాగని ప్రతి పిచ్చిమాటకూ సంకెళ్లు తియ్యొద్దు. 2015లో టెక్సాస్‌లో సొంతంగా గడియారం చేసుకొచ్చిన 14 ఏళ్ల ముస్లిం పిల్లవాడిని, బాంబులా కనిపిస్తోందని బేడీలు వేసి తీసుకుపోయారు. రేపు మన పిల్లవాడికే అలా జరగొచ్చు. కోపంలో చంపేస్తానన్న వాడితో కౌన్సిలర్‌ను పక్కన పెట్టుకుని మాట్లాడు, చాలావరకు అక్కడే చల్లారుతుంది. పేర్లు, చోటు, రోజు చెబుతున్నాడా, చేతికి తుపాకీ అందే వీలుందా, ఈ రెండూ కలిస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకు. ఆ రాత్రే వెళ్లు. ఒంటరిగా వెళ్లకు, పక్కన ఇంకో ఆఫీసరు ఉండాలి. ఇది పెద్దనాయన ఆర్డరు అనుకో.

స్కూలు మారిన పిల్లల రికార్డులు త్వరగా చేరాలని మీ రాష్ట్రం 2025లో చట్టం చేసింది. చేరిన వారంలోనే, వేరే కౌంటీల నుంచి మీ స్కూలుకు వచ్చిన పిల్లల కాగితాలు అడుగు. 'కేసు మూసివేత' అని ఉన్నవి ముందు చదువు. ఎవరు ఇచ్చారు, ఎన్ని రోజులకు ఇచ్చారు, ఎవరు ఇవ్వనన్నారు, అన్నీ నాకు రాయి. ఇవ్వకపోతే ఎవరికి అర్జీ పెట్టాలో ఇద్దరం కలిసి ఆలోచిద్దాం.

ఇట్లు,
మీ పెద్దనాయన,
తిరుపతి