వయ్యారిభామ మీది చారల పెంకు పురుగుకి మందు కొట్టాలా?

మీరు అడిగింది ఇదీ: చేని గట్టు పొడవునా వయ్యారిభామ (పార్థీనియం అనే కలుపు మొక్క) మీద తెల్లటి ఒంటికి చారలున్న పెంకు పురుగులు గుంపులుగా ఉన్నాయి, ఆకులు జల్లెడైపోయాయి, పక్కనే వంగ, పొద్దుతిరుగుడు ఉన్నాయి, వాటి మీదికి పాకుతాయేమో, మందు కొట్టాలా అని. ఎవరో అవి అక్షింతల పురుగులని కూడా చెప్పారన్నారు.

కొట్టకండి. కొన్నేళ్ల కిందట ఒక ఆగస్టులో నేనూ ఇదే టెన్షన్ పడి, మందుల షాపులో ఏదిస్తే అది తెచ్చి గట్టంతా తడిపేశాను. పురుగులన్నీ చచ్చాయి. వయ్యారిభామ మాత్రం చిగుర్లేసుకుని, నెల తిరిగేసరికి గట్టు నిండా తెల్లగా పూసింది. కూలి అడగకుండా కలుపు తీస్తున్నవాళ్లని నేనే డబ్బు పెట్టి చంపుకున్నానని ఆ తర్వాత గానీ తెలియలేదు.

ఈ పురుగు శాస్త్రీయ నామం జైగోగ్రామా బైకలొరాటా. మనవాళ్లు మెక్సికన్ పెంకు పురుగు అంటారు, సొంత ఊరు మెక్సికోనే. వయ్యారిభామదీ ఆ ప్రాంతమే. 1955లో పూణేలో ఆ మొక్కని గుర్తించారు, తర్వాత అది దేశమంతా అల్లుకుపోయిన సంగతి మనకి తెలిసిందే. మొక్క వచ్చింది గానీ దాన్ని తినేది వెంట రాలేదు. అందుకని 1983లో ఈ పురుగుని తెప్పించి, ఏయే మొక్కలు తింటుందో పరీక్షించి, 1984లో బెంగళూరు దగ్గర వదిలారు. మాది హిందూపురం వైపు, బెంగళూరుకి దగ్గరే. నేను చంపినవి ఆ సంతతే అయి ఉంటాయి.

ముందు మీ దగ్గరున్నది అదేనో కాదో చూసుకోండి. కందిగింజంత ఉంటుంది, సుమారు 6 మిల్లీమీటర్లు. తల గోధుమ రంగు. వీపు మీద పెంకులు మీగడ రంగు, వాటి మీద ముదురు గోధుమ చారలు నిలువుగా, కాస్త వంకర్లు పోతూ ఉంటాయి. ఆ పెంకులు నిజానికి ముందు రెక్కలే, గట్టిపడి మూతలా తయారయ్యాయి. ఎగరడానికి పనికొచ్చే పల్చటి రెక్కలు వాటి కింద మడతపెట్టి ఉంటాయి. అక్షింతల పురుగు కాదనడానికి మీసాలు చూస్తే చాలు. అక్షింతల పురుగు మీసాలు పొట్టిగా, కొసన ముద్దగా ఉంటాయి. దీనివి 11 కణుపులతో పూసలు గుచ్చినట్టుంటాయి. భూతద్దం ఉంటే పాదాలు కూడా చూడండి, నాకు అన్నిటికంటే నచ్చింది అదే. పాదానికి నాలుగు కణుపులే కనిపిస్తాయి. అసలు ఐదున్నాయి, ఒకటి మరీ చిన్నదై మూడో కణుపు రెండు పాయల మధ్య దాక్కుంటుంది. అడుగున బ్రష్షులా వెంట్రుకలుంటాయి. ఆకుని తలకిందులుగా పట్టుకుని నడిచేది వాటితోనే. ఆకు తినే పెంకు పురుగుల కుటుంబమంతటికీ ఇదే తరహా పాదం.

మందు కొట్టిన మరుసటి ఏడు పది పురుగుల్ని పట్టి, పాత గాజు సీసాలో వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి రోజూ వయ్యారిభామ కొమ్మ పెట్టాను. చెయ్యి తగిలితే కాళ్లు ముడుచుకుని దబ్బున కింద పడిపోయేవి, చచ్చాయేమో అనుకునేలా. రెండు నిమిషాలకి లేచి మళ్లీ ఆకు మీదే. వారంలోపు ఆకు అడుగున పసుపు, నారింజ కలిసిన రంగులో గుడ్లు కనిపించాయి. నాలుగైదు రోజులకి పగిలి పిల్ల పురుగులు వచ్చాయి. లేతవి నేరుగా చిగుళ్లలోకి, మొగ్గల్లోకి దూరతాయి, పెద్దయ్యాక ఆకుల మీదికి వస్తాయి. నా లెక్కలో దీని అసలు పనితనం ఇక్కడే ఉంది. ఆకు పోతే మొక్క మళ్లీ వేసుకుంటుంది, మొగ్గ పోతే ఆ మేరకు విత్తనం లేనట్టే.

పిల్ల పురుగుకి పెంకు ఉండదు. వీపు గూనిగా ఉబ్బి, ముందువైపు మూడు జతల కాళ్లుంటాయి, తోక చివరతో ఆకుని అంటిపెట్టుకుంటుంది. నాలుగు దశల్లో పెరిగి పది పదిహేను రోజుల్లో తిండి మానేస్తుంది. నేను తప్పు చేసింది అక్కడే. తిండి మానేసినవి సీసా అడుగున గుండ్రంగా తిరిగి తిరిగి, రెండు రోజుల్లో నల్లబడి చచ్చిపోయాయి. జబ్బు అనుకున్నాను. జబ్బు కాదు, వాటికి కావాల్సింది మట్టి. మట్టిలో దిగి, చిన్న గది చేసుకుని అక్కడ ప్యూపాగా, అంటే పిల్ల పురుగుకీ పెంకు పురుగుకీ మధ్య కదలకుండా ఉండే దశకి, మారతాయి. రెండోసారి నాలుగు వేళ్ల మందాన తడి మట్టి వేస్తే, మళ్లీ పది రోజులకి కొత్త పెంకు పురుగులు తలలు బయటపెట్టాయి.

చలి మొదలయ్యేసరికి గట్టు మీద ఒక్కటి కూడా కనిపించదు. పోలేదు, పెద్ద పురుగులే మట్టిలో దూరి నిద్రపోతాయి. ఐదారు నెలలు తిండీ నీళ్లూ లేకుండా ఉండి, తొలకరి తడి తగిలాక లేస్తాయి.

ఇక పంట సంగతి. సీసాలో వంగ ఆకు, వేరుశనగ ఆకు వేసి చూశాను, ముట్టలేదు. పొద్దుతిరుగుడు ఆకు అంచున మాత్రం నాలుగైదు గాట్లు పెట్టాయి. మీ భయంలో నిజం ఉన్నది అక్కడే, ఈ గొడవ పాతదే. 1990ల మొదట్లో ఇవి పొద్దుతిరుగుడు తింటున్నాయని పెద్ద దుమారం లేచి, వదలడం ఆపేసి, కమిటీ వేశారు. పొద్దుతిరుగుడు, వయ్యారిభామ ఒకే కుటుంబం. వయ్యారిభామ పుప్పొడి గాలికి వచ్చి పొద్దుతిరుగుడు ఆకు మీద పడితే, ఆ రుచికి పురుగు అక్కడ కొరుకుతుందని బెంగళూరు శాస్త్రవేత్తలు తేల్చారు. పంట మీద ఇది తరతరాలుగా కాపురం పెట్టదు. కాబట్టి పొద్దుతిరుగుడు పక్కనున్న వయ్యారిభామని పూత రాకముందే పీకేయండి, అంతే. చేతికి తొడుగు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. నేను ఉత్త చేతులతో పీకి, మోచేతి దాకా దద్దుర్లతో నెల రోజులు గోక్కున్నాను.

అలాగని పురుగే అంతా చూసుకుంటుందనుకోకండి. తొలి వానకి మొక్క ముందు లేస్తుంది, పురుగు మంద కట్టడానికి ఆగస్టు అవుతుంది. ఈలోపు పూసే మొక్కల్ని మనమే పీకాలి. శీతాకాలంలో తడికి మొలిచేవీ మన వాటాయే, అప్పటికి అది నిద్రలో ఉంటుంది.

నేను బోరు పక్కన వేపచెట్టు కింద రెండు గజాల నేల దున్నకుండా వదిలేశాను, అవి నిద్రపోవడానికి. అక్కడ లేచే నాలుగు మొక్కల్ని పూత దశ దాకా ఉంచుతాను. కలుపు పెంచుకునే రైతుని ఇప్పుడే చూస్తున్నానని మా ఆవిడ ఎగతాళి. ఈ జూన్‌లో రెండో వాన పడ్డ మూడో రోజు, మొదటి చారల పురుగు ఆ మూలే కనిపించింది.