డిపోర్టేషన్‌ని తెలుగులో ఏమనాలి? ‘దేశ బహిష్కరణ’ ఎక్కడ తేడా కొడుతుంది?

మీరు అడిగినవి రెండు. డిపోర్టేషన్‌కి ‘దేశ బహిష్కరణ’ సరైన మాటేనా? అమెరికా విమానాశ్రయం నుంచే తిరిగొచ్చిన కుర్రాణ్ణి ‘డిపోర్ట్ అయ్యాడు’ అనొచ్చా? మొదటిదానికి జవాబు: తప్పు కాదు గానీ, అంతకంటే మంచి మాట ఉంది. రెండోదానికి: అతని చేతికిచ్చిన కాగితం చూడకుండా అనకండి.

ఒక దేశ ప్రభుత్వం, తన పౌరుడు కానివాణ్ణి, ఉత్తర్వు ఇచ్చి బయటికి పంపించేస్తే అది డిపోర్టేషన్. ఇందులో ఏ ముక్క తీసేసినా మాట మారిపోతుంది. సొంత పౌరుణ్ణే వెళ్లగొడితే దేశ బహిష్కరణ. నేరం చేసి పారిపోయి వచ్చినవాణ్ణి, నేరం జరిగిన దేశం అడిగితే పట్టి ఇవ్వడం నేరస్థుల అప్పగింత. దానికి మన దగ్గర 1962 నాటి చట్టం వేరే ఉంది.

‘బహిష్కరణ’తో అసలు చిక్కు ఏమిటంటే, అది రెండు వైపులా కోస్తుంది. పరీక్షల బహిష్కరణ, సభ బహిష్కరణ, విదేశీ వస్తు బహిష్కరణ: వీటిలో బహిష్కరించేది మనుషులు, వదిలేసేది వస్తువునో సభనో. అందుకే ‘అమెరికా బహిష్కరణ’ అని శీర్షిక పెడితే, అమెరికా సరుకులు కొనొద్దంటున్నారేమో అనిపిస్తుంది. ఆ మాట తప్పదనుకుంటే ‘నుంచి’ వదలొద్దు: ‘అమెరికా నుంచి బహిష్కరణ’. పైగా మన చెవికి బహిష్కరణలో రాజు కోపగించి తన మనిషినే వెళ్లగొట్టిన వాసన ఉంటుంది. పోలీసులు రౌడీషీటర్ల మీద పెట్టే ‘నగర బహిష్కరణ’కి ఆ వాసన సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే వాడిది ఆ ఊరే. వీసా గడువు దాటిపోయిన విద్యార్థికి సరిపోదు.

పత్రికల్లో కనిపించే మిగతా మాటలు కూడా జాగ్రత్తగా వాడాలి. ‘గెంటివేత’లో రాసేవాడి కోపం ముందే ఉంటుంది. ‘సాగనంపడం’ ఆడపిల్లనో చుట్టాన్నో మర్యాదగా పంపే మాట; ఇక్కడ వాడితే వెటకారమే. ‘తరలింపు’ మరీ చప్పన. హుద్‌హుద్ నాటి నుంచి వైజాగ్‌లో ఆ మాట వింటే తుపాను ముందు లోతట్టు జనాన్ని బడుల్లోకి చేర్చడమే గుర్తొస్తుంది. ‘ఉద్వాసన’ పూజ ముగించి దేవుణ్ణి పంపడం, లేదా పదవి ఊడబీకడం, దీనికి అతకదు. నేను సూచించేది ‘పంపివేత’. క్రియగా ‘దేశం నుంచి పంపించేశారు’, కాగితాల మీద ‘పంపివేత ఉత్తర్వు’. 2025 ఫిబ్రవరి 5న అమెరికా సైనిక విమానంలో 104 మందిని అమృత్‌సర్‌లో దించిన సంగతి ఈ మాటతో రాసి చూడండి, జాలి గానీ వెటకారం గానీ లేకుండా నిలబడుతుంది. మాట్లాడేటప్పుడు ‘డిపోర్ట్ చేశారు’ అంటే చాలు, అందరికీ తెలిసిన మాటే.

పాత పుస్తకాల్లోని ‘ద్వీపాంతరవాసం’ వేరే శిక్ష. రంప తిరుగుబాటుదారుల్లో కొందరిని అండమాన్‌కు పంపింది దాని కిందే. ఆ శిక్ష మన చట్టంలో 1955 సవరణతో యావజ్జీవ ఖైదుగా మారింది. అన్నట్టు, ‘డిపోర్ట్’కీ మన పోర్టుకీ చుట్టరికం ఉందేమోనని చాలామంది అనుకుంటారు. నేరుగా లేదు. ఇది లాటిన్‌లో ‘మోసుకుపోవు’ అనే క్రియ నుంచి వచ్చింది. రోమన్లు దోషిని దీవికి పంపే శిక్షకు ఈ పేరు పెట్టి, పౌరసత్వం కూడా లాగేసేవాళ్లు.

మన వైజాగ్ ఓడరేవు ఊరు కాబట్టి ఇంకో తేడా ముఖ్యం. ఒప్పందం ముగిసి ఓడ దిగిన (సైన్ ఆఫ్ అయిన) నావికుణ్ణి కంపెనీ ఖర్చుతో ఇంటికి పంపడం ‘రిపాట్రియేషన్’. 2006 నాటి సముద్ర కార్మిక ఒప్పందం ప్రకారం అది అతని హక్కు, శిక్ష కాదు. దీన్ని ‘స్వదేశానికి చేర్చడం’ అనండి. గుజరాత్ తీరం నుంచి వేటకెళ్లి పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరి 6న వాఘా దగ్గర మనకు అప్పగించిన 20 మంది మత్స్యకారులకూ ఇదే మాట. ఇక కంచరపాలెం వైపు బర్మా క్యాంపు పేరు ఎవరిని బట్టి వచ్చిందో వాళ్లు ‘కాందిశీకులు’. ‘ఏ దిక్కుకు పోవాలి’ అన్న సంస్కృతపు ముక్క నుంచి పుట్టిన మాట అది. బర్మాలో 1962 తరవాత వ్యాపారాలు జాతీయం చేసి బతుకుతెరువు తీసేస్తే జనం కదిలి వచ్చేశారు. మనిషి మనిషికీ ఉత్తర్వు ఇచ్చి పంపింది కాదు కాబట్టి డిపోర్టేషన్ అనకూడదు.

ఇప్పుడు మీ కుర్రాడి సంగతి. అమెరికా విమానాశ్రయంలో ఇచ్చిన కాగితం ‘ఐ-860’ అయితే అది పంపివేత ఉత్తర్వే, మామూలుగా 5 ఏళ్ల నిషేధం ఉంటుంది. ‘ఐ-275’ అయితే ప్రవేశానికి పెట్టుకున్న దరఖాస్తును తనే వెనక్కి తీసుకున్నట్టు. డిపోర్ట్ కాదు, దానంతట అది నిషేధమూ పెట్టదు. ఇమిగ్రేషన్ కోర్టు పంపివేత ఉత్తర్వు ఇస్తే మామూలుగా 10 ఏళ్లు. అదే కోర్టు ‘స్వచ్ఛందంగా వెళ్లిపో’ అని విచారణ చివర 60 రోజుల వరకు గడువు ఇచ్చిందనుకోండి, ఆలోపు వెళ్తే డిపోర్ట్ కింద రాదు. ఒక్కరోజు దాటినా అదే పంపివేత ఉత్తర్వుగా మారుతుంది. చాలామంది మునిగేది ఇక్కడే. 1997 నుంచి అమెరికా చట్టంలో ‘డిపోర్టేషన్’ స్థానంలో ‘రిమూవల్’ వచ్చింది కాబట్టి, కాగితం మీద ఆ పాత మాట లేదని ధీమా పడకూడదు.

బ్రిటన్‌లో తేడా ఇంకోలా ఉంటుంది. అక్కడ డిపోర్టేషన్ ఎక్కువగా నేరస్థులకు, గడువు దాటి ఉన్నవాళ్లకు రిమూవల్. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లను మాత్రం ‘ఔట్‌పాస్ మీద వచ్చావా’ అని అడిగితే చాలదు. ఔట్‌పాస్ అంటే పాస్‌పోర్టు లేనివాడికి రాయబార కార్యాలయం ఇచ్చే ఒక్కసారి ప్రయాణపు కాగితం, అంతే. క్షమాభిక్షలో వచ్చాడా, పట్టుకుని వేలిముద్రలు తీసి పంపారా అని అడగాలి. కువైట్ 2018లో, 2024లో ఇచ్చిన క్షమాభిక్షల్లో గడువులోగా వెళ్లినవాళ్లు మళ్లీ కొత్త వీసా మీద రావచ్చు. పట్టుకుని పంపితే ఆ దారి మూసుకుపోతుంది.

అమెరికా వీసా ఫారం డీఎస్-160లో దీనికి రెండు ప్రశ్నలు విడివిడిగా ఉంటాయి: ప్రవేశం నిరాకరించారా, లేదా దరఖాస్తు వెనక్కి తీసుకున్నారా అని ఒకటి; ఏ దేశం నుంచైనా పంపించేశారా అని రెండోది. ఐ-275 ఉన్నవాడు మొదటిదానికి ‘అవును’, రెండోదానికి ‘కాదు’ అని రాయాలి. భయపడి రెండూ ‘కాదు’ అని పెడితే అది అబద్ధం కిందకి వస్తుంది. 5 ఏళ్లు కాదు, జీవితకాలపు అనర్హత మెడకు చుట్టుకుంటుంది.