ఎక్సెల్ షీట్‌లో చివరి వరస: "ఇతరాలు – 10,000"

కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకుడు రాశారు. సెప్టెంబరులో పదో పెళ్లిరోజు. భార్యాభర్తలిద్దరూ బార్సిలోనాలో కారు అద్దెకు తీసుకుని, మధ్యధరా తీరం వెంబడే ఫ్రాన్స్ దాటి ఇటలీలోని జెనోవా దాకా నడుపుకుంటూ వెళ్లాలని ప్లాన్. 12 రోజులు, 6 లక్షలు. రెండో తరగతి చదివే పాప ఆ రోజుల్లో నరసరావుపేటలో నానమ్మ, తాతయ్యల దగ్గర ఉంటుంది. ఆయన జీతం చేతికి 1.35 లక్షలు, ఆవిడ స్కూల్ టీచర్, 35 వేలు. హోమ్ లోన్ ఈఎంఐ 52 వేలు, ఇంటి ఖర్చు 55 వేలు, ఊళ్లో అమ్మానాన్నలకి 15 వేలు, పాప ఫీజు నెలకి లెక్కేస్తే 12 వేలు. ఏటా ఏప్రిల్‌లో 1.6 లక్షల బోనస్. దాచుకున్నది ఎఫ్‌డీలో 2 లక్షలు, సేవింగ్స్‌లో 1.8 లక్షలు. బ్యాంకు యాప్‌లో 14 శాతానికి 6 లక్షల ప్రీ అప్రూవ్డ్ పర్సనల్ లోన్ కనిపిస్తోంది, అది తీసుకోవాలా, లేక మా ఆవిడ బంగారం మీద గోల్డ్ లోన్ మేలా అని అడిగారు. చివర్లో ఇంకో మాట: "ఎమర్జెన్సీకి 2.5 లక్షల లిమిట్ ఉన్న క్రెడిట్ కార్డు ఉంది సార్, ఆ టెన్షన్ లేదు."

ఈ మాట నాకు వారానికి ఒక్కరైనా చెబుతారు. దీనికోసమే జవాబు రాస్తున్నాను.

ముందు మీ ప్రశ్న సంగతి. రెండూ వద్దండీ. ప్రీ అప్రూవ్డ్ అంటే బ్యాంకు మీకేదో మర్యాద చేసిందని కాదు, మీ ఖాతాలో ప్రతి నెలా జీతం పడటం చూసి సరుకు అమ్మడానికి మీ గుమ్మం ముందు నిలబడిందని అర్థం. 6 లక్షలు, 14 శాతం, 4 ఏళ్లు అంటే నెలకి దాదాపు 16,400. మొత్తం కట్టేది 7.87 లక్షలు. 12 రోజుల ప్రయాణానికి 48 నెలల వాయిదాలు, పాప ఆరో తరగతికి వచ్చేదాకా మీరు ఈ పెళ్లిరోజుకే కడుతూ ఉంటారు. గోల్డ్ లోన్ వడ్డీ కొంచెం తక్కువ కావచ్చు, కానీ ఆ బంగారం నిజంగా ప్రాణం మీదికి వచ్చినప్పుడు తాకట్టు పెట్టుకోవడానికి ఉన్నది, కారు అద్దెకి కాదు. నో కాస్ట్ ఈఎంఐ గురించి మీరు అడగలేదు, సంతోషం.

మీరు పంపిన షీట్ మొత్తం చదివాను, 41 వరసలు. కాదకేస్‌లో ఎక్కడ భోజనం, కొల్లియూర్‌లో ఎన్ని గంటలు ఆగాలి, నీస్ నుంచి మాంటన్ వెళ్లడానికి కొండ మీద ఒకదానిపైన ఒకటిగా ఉన్న మూడు కార్నిష్ రోడ్లలో ఏది పొద్దున, ఏది సాయంత్రం, అన్నీ ఉన్నాయి. ఆగస్టు రద్దీ తగ్గాక సెప్టెంబరుని ఎంచుకోవడం కూడా మంచి ఆలోచనే. ఇంత ఓపికగా ప్లాన్ చేసినవాళ్లు నాకు చాలా తక్కువగా తగులుతారు. కానీ 41వ వరసలో "ఇతరాలు – 10,000" అని ఉంది. యూరో 100 రూపాయలు అనుకున్నా (నిజానికి ఇంకొంచెం ఎక్కువే పడుతుంది) అది 100 యూరోలు. మూడు దేశాల్లో, కుడివైపు నడపడం అలవాటు లేని మనిషి, పరాయి కారుతో 850 కిలోమీటర్లు తిరుగుతూ 100 యూరోల్లో ఇతరాలు ముగించాలి! టోల్ కింద మీరు వేసిన 2 వేలు ఫ్రాన్స్ వైపు ఏ9, ఏ8 రోడ్లకే చాలవు. స్పెయిన్ వైపు ఏపీ-7 మీద 2021 నుంచి టోల్ తీసేశారు కాబట్టి అక్కడొక్కటే మీ లెక్క సరిపోయింది. ఒక దేశంలో తీసుకున్న కారుని ఇంకో దేశంలో వదిలితే వేసే వన్ వే ఛార్జీ అసలు షీట్‌లోనే లేదు, అది వందల యూరోల్లో ఉంటుంది.

ఇప్పుడు మీ ఎమర్జెన్సీ కార్డు దగ్గరికి వద్దాం. కారు తాళం చేతికివ్వాలంటే కౌంటర్లో డ్రైవర్ పేరు మీదున్న క్రెడిట్ కార్డు అడుగుతారు. వాళ్లు ఇచ్చే మామూలు ఇన్సూరెన్స్‌లో డ్యామేజీ జరిగితే మొదటి వెయ్యి, రెండు వేల యూరోలు మనమే భరించాలి, అందుకని కంపెనీ ఆ మేరకు కార్డు మీద బ్లాక్ చేసి పెడుతుంది. డబ్బు కట్ కాదు, కానీ లిమిట్ పోతుంది, కారు అప్పగించాక కూడా వెనక్కి రావడానికి కొన్ని రోజులు పడుతుంది. అంటే 2.5 లక్షల లిమిట్‌లో లక్ష, రెండు లక్షలు మొదటి రోజే తాళం పడిపోతాయి. మిగిలినదాంట్లోనే హోటళ్లు, పెట్రోలు. మీరు మార్సెయ్ దగ్గర ఎక్కడో ఉండగా నరసరావుపేటలో నాన్నగారికి ఛాతీలో నొప్పి వచ్చింది, గుంటూరు తీసుకెళ్లారు, అడ్వాన్స్ కట్టమన్నారు అనుకోండి. పాప కూడా ఆ ఇంట్లోనే ఉంది. అప్పుడు మీ ఎమర్జెన్సీ ఫండ్ స్పెయిన్‌లోని ఒక కారు కౌంటర్ దగ్గర బ్లాక్ అయి ఉంది. ఒకవేళ లిమిట్ మిగిలినా, కట్టలేకపోతే ఏడాదికి 40 శాతం దాటే వడ్డీ. దీన్ని ఎమర్జెన్సీ ఫండ్ అనకండి, దయచేసి. అది ఇంకొకళ్ల డబ్బు.

ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంది కదా అంటారేమో. వీసా కోసం తీసుకునే 30,000 యూరోల పాలసీ మీ వైద్యానికి. అద్దె కారు గీతలకి, నాన్నగారి ఆసుపత్రికి దాంతో సంబంధం లేదు. కారుకి తీసుకునే ఇన్సూరెన్స్‌లో కూడా టైర్లు, అద్దాలు, కారు అడుగుభాగం చాలాసార్లు కవర్ కావు. తీరం రోడ్లలో దెబ్బ తగిలేవి సరిగ్గా అవే.

ఖర్చు తిరిగి రాగానే ఆగిపోతుందనుకోవడం ఇంకో పొరపాటు. నా దగ్గరికొచ్చే ఒక జంట ఇటలీలో కారు నడిపి వచ్చారు, ఫోటోలు అన్నీ పెట్టేశారు, అంతా మరచిపోయాక ఏడో నెలలో ఒక కవరు వచ్చింది. పాత ఊరి మధ్యలోకి బయటి కార్లు రాకూడని జోన్ ఉంటుంది, అక్కడ జడ్‌టీఎల్ అంటారు, కెమెరా నంబర్ ప్లేటు పట్టేస్తుంది. వీళ్లు హోటల్ వెతుక్కుంటూ ఒకే సాయంత్రం మూడుసార్లు లోపలికి, బయటికి తిరిగారు. మూడు ఫైన్లు. వివరాలు పోలీసులకి ఇచ్చినందుకు అద్దె కంపెనీ మూడుసార్లు వేసిన ఫీజు వేరే. విదేశాల్లో ఉండేవాళ్లకి నోటీసు పంపడానికి అక్కడ 360 రోజుల గడువుంది. జెనోవాలో కూడా ఆ జోన్లు ఉన్నాయి.

సరే, మీ అసలు లెక్క. నెలకి తప్పనిసరి ఖర్చు 1.34 లక్షలు. ఎమర్జెన్సీ ఫండ్ కింద ఆరు నెలలకి 8 లక్షలు చేతిలో ఉండాలి, ఐటీలో ఉద్యోగం కాబట్టి ఇందులో నేను ఒక్క నెల కూడా తగ్గించను. మీ దగ్గర ఉన్నది 3.8 లక్షలు, ఇంకా 4.2 లక్షలు కావాలి. నెలకి మిగిలేది 36 వేలు, అందులో 33 వేలు పక్కన పెట్టండి. వచ్చే నెల బోనస్ కదలకుండా ఫండ్‌లోకి వెళ్లాలి, దానికి ఎనిమిది నెలల పొదుపు తోడైతే ఆ 4.2 లక్షలు నిండుతాయి. ఎఫ్‌డీ కానీ, మిగులు డబ్బు దానంతటదే ఎఫ్‌డీగా మారే స్వీప్ ఇన్ ఖాతా కానీ, ఎక్కడ పెట్టినా నాకు అభ్యంతరం లేదు, షేర్లలో మాత్రం వద్దు, జీతం ఖాతాలో కలిపి ఉంచొద్దు. ఆ తర్వాత తొమ్మిది నెలల పొదుపు, ఆపై ఏప్రిల్ బోనస్ కలిస్తే వచ్చే ఏడాది ఆగస్టుకి ప్రయాణం కోసమే 4.5 లక్షలు. అప్పు లేదు. పదో పెళ్లిరోజు కాక పదకొండోది అవుతుంది, ఆవిడకి నా తరఫున క్షమాపణ చెప్పండి.

6 లక్షల ప్లాన్ 4.5 లక్షల్లో ఎలా అంటే, 12 రోజులూ కారు అక్కర్లేదు. బార్సిలోనా నుంచి నీస్ దాకా రైళ్లలో వెళ్లండి. నీస్‌లో మూడు రోజులు కారు తీసుకుని మూడు కార్నిష్‌లూ తీరిగ్గా తిరిగి, ఎక్కడ తీసుకున్నారో అక్కడే అప్పగించండి, దాంతో వన్ వే ఛార్జీ పోయినట్టే, కార్డు బ్లాక్ కూడా కొద్ది రోజులే. నీస్ నుంచి వెంటిమిల్యా మీదుగా జెనోవా వెళ్లే రైలు చాలాచోట్ల సముద్రాన్ని ఒరుసుకునే పోతుంది, ఆ దారిలో నడిపేవాడికంటే కిటికీ పక్కన కూర్చున్నవాడికే ఎక్కువ కనపడుతుంది. మీరు వీలైతే చూద్దామన్న చింక్వే తెర్రె పల్లెలకి ఎలాగూ రైలే సుఖం.

ఇక చిన్నవి. లోన్ డబ్బు వీసాకి ముందు ఖాతాలో ధబీమని పడితే స్టేట్‌మెంట్‌లో అది ఎక్కడిదని అడుగుతారు, నెలనెలా పెరిగిన పొదుపుకి ఆ బాధ లేదు. మీ షీట్ ప్రకారం ఎక్కువ రాత్రులు ఫ్రాన్స్‌లోనే కాబట్టి వీసాకి ఫ్రాన్స్‌కే దరఖాస్తు, మనిషికి 90 యూరోలు, దానిపైన సర్వీస్ ఛార్జీ. అమ్మానాన్నలకి మీ కంపెనీ పాలసీతో సంబంధం లేకుండా విడిగా హెల్త్ ఇన్సూరెన్స్ ఉందో లేదో మీరు రాయలేదు, లేకపోతే ఈ వారంలో ఆ పని చూడండి. ఆర్టీయే ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ మాత్రం ఇప్పుడే తీసుకోకండి, అది ఏడాదే చెల్లుతుంది.