వీధికి నోరుంటుందా?

సందేహం: ‘ఈ విషయంపై డౌనింగ్ స్ట్రీట్ నోరు విప్పలేదు’ అని పత్రికలో చదివాను. వీధికి నోరేమిటి? ఇది ఇంగ్లీషు వాసన కాదా? – ఒక పాఠకుడు, తిరుపతి

సమాధానం: కాదు. గంగజాతరకు ఊరంతా కదిలిందంటే ఇళ్లూ చెట్లూ కదిలాయని మీరు అనుకోరు కదా! పదం అసలు అర్థం వాక్యంలో పొసగకపోతే దానితో సంబంధమున్న మరో అర్థాన్ని పట్టుకుంటాం. మన ఆలంకారికులు దీన్నే లక్షణ అన్నారు.

అయితే ప్రతి వీధికీ ఈ యోగం పట్టదు. డౌనింగ్ స్ట్రీట్ అంటే లండన్‌లో జార్జ్ డౌనింగ్ 1680లలో కట్టించిన ఇళ్ల వరుస. రెండో జార్జ్ రాజు అందులో ఒక ఇంటిని, బ్రిటన్ తొలి ప్రధానిగా చెప్పుకునే రాబర్ట్ వాల్‌పోల్‌కు సొంతానికి ఇస్తానంటే, తన పదవికి ఇమ్మన్నాడాయన. 1735లో అందులో చేరాడు. కిటుకంతా అక్కడే ఉంది. ఇల్లు మనిషిది కాక పదవిది కావడంతో మనుషులు మారినా చిరునామా నిలిచింది. మన గాంధీ రోడ్డు ఎంత పేరున్నదైనా ‘గాంధీ రోడ్డు తీర్మానించింది’ అంటే ఎవరికీ ఏమీ తెలియదు. అక్కడ అంగళ్లెన్నో ఉన్నాయి, పీఠం ఒక్కటీ లేదు.

రాసేటప్పుడు విభక్తిని గమనించండి. ‘ఢిల్లీ ఒప్పుకోలేదు’ అంటే కేంద్ర ప్రభుత్వం. ‘ఢిల్లీలో ఒప్పుకోలేదు’ అనగానే ఊరు మళ్లీ ఊరైపోతుంది, ఒప్పుకోనిదెవరో చెప్పాల్సి వస్తుంది. ‘కు’ దగ్గర తీర్పు క్రియదే: ‘ఢిల్లీకి ఫిర్యాదు చేశారు’ వేరు, ‘ఢిల్లీకి వెళ్లారు’ వేరు. క్రియ ఎప్పుడూ ‘ఖండించింది’ అనే ఉండాలి, ‘ఖండించారు’ కాదు. తరువాతి వాక్యాన్ని ‘ఆయన’ అని మొదలుపెట్టడం మరీ పొరపాటు. ప్రధానిని పేరుతో చెప్పాకే ‘ఆయన’ వస్తాడు.

డెస్కుల్లో తరచూ జరిగే తప్పు ఇంకోటుంది. డౌనింగ్ స్ట్రీట్ అంటే ప్రధాని, ఆయన కార్యాలయం. వెస్ట్‌మినిస్టర్ పార్లమెంటు. వైట్‌హాల్ అధికార యంత్రాంగం. పార్లమెంటులో బిల్లు వీగిపోతే ‘డౌనింగ్ స్ట్రీట్ తిరస్కరించింది’ అని రాస్తే అర్థం తలకిందులవుతుంది.

పీఠం కదిలితే అర్థమూ కదులుతుంది. ‘చిత్తూరు ఒప్పుకోలేదంట’ అని తిరుపతి ఆఫీసుల్లో అంటే ఒకప్పుడు కలెక్టరనే అర్థం. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది. ఇప్పుడదే మాటంటే ‘చిత్తూరులో ఎవరు?’ అని అడుగుతారు.