పలాస జీడిపప్పు వెబ్‌సైట్‌కు సైట్‌మ్యాప్: మళ్లీ మళ్లీ పంపాలా?

పలాసలో జీడిపప్పు వ్యాపారం చేస్తున్నామని, వర్డ్‌ప్రెస్ అనే సైట్ తయారీ సాఫ్ట్‌వేర్‌తో వెబ్‌సైట్ కట్టించి, పప్పు గ్రేడుకొక పేజీ పెట్టి, సైట్‌మ్యాప్‌ను (సైట్‌లోని పేజీల చిరునామాల జాబితా ఉండే ఫైలును) గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో (సైట్ యజమానులకు గూగుల్ ఇచ్చే పరికరంలో) సమర్పించినా సగం పేజీలు కూడా గూగుల్‌లో రావడం లేదని, రోజూ మళ్లీ సమర్పిస్తే ఫలితం ఉంటుందా అని మీరు అడిగారు. ఉండదు. ఒకసారి సమర్పించిన సైట్‌మ్యాప్‌ను గూగుల్ తనంతట తానే వచ్చి మళ్లీ మళ్లీ చదువుకుంటుంది. సైట్‌మ్యాప్ మారిందని కబురు పెట్టే ‘పింగ్’ సదుపాయాన్ని ఎత్తివేస్తున్నట్టు ఆ సంస్థ 2023 జూన్‌లోనే ప్రకటించినా, దానిని నేర్పే పాత యూట్యూబ్ వీడియోలను నమ్మి మన జిల్లాలో ఎంతోమంది చిన్న వ్యాపారులు ఇంకా కాలం వృథా చేసుకోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. మీరు చేయవలసిన పని ఆ ఫైలును తెరిచి, అందులో ఉన్న ప్రతి చిరునామానూ చదవడం.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నాకు తెలుగు చెప్పిన మాస్టారు ఒకరు పదవీ విరమణ చేశాక శ్రీకాకుళం జిల్లాలోని ఊళ్ల చరిత్రను ఊరికొక పేజీగా రాసి వెబ్‌సైట్‌లో పెట్టించారు. ప్రతి పేజీ చిరునామాలోనూ ముందు జిల్లా, తరువాత మండలం, ఆ తరువాత ఊరు ఉండేవి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగి, పాలకొండ, సీతంపేట, వీరఘట్టం, భామిని పార్వతీపురం మన్యం జిల్లాలోకి, రాజాం, వంగర, సంతకవిటి విజయనగరం జిల్లాలోకి వెళ్లినప్పుడు, మాస్టారు పట్టుబట్టి ఆ ఊళ్ల పేజీలన్నింటినీ కొత్త జిల్లాల కిందికి మార్పించారు. సైట్ తయారుచేసిన కుర్రవాడు పేజీలను జరిపాడు గానీ, పాత చిరునామాల నుంచి కొత్త వాటికి 301 అనే శాశ్వత దారి మళ్లింపు పెట్టలేదు, ఎప్పుడో ఒక ఆన్‌లైన్ పరికరంతో తయారుచేసి ఎక్కించిన సైట్‌మ్యాప్‌ను ముట్టుకోనూ లేదు. చనిపోయినవారి పేర్లు తీయకుండా, కొత్తగా కాపురానికి వచ్చినవారి పేర్లు చేర్చకుండా వదిలేసిన ఓటర్ల జాబితాలా ఆ ఫైలు అలాగే పడి ఉంది.

ఒక సాయంత్రం మాస్టారి ఇంట్లో కూర్చుని ఆ ఫైలును తెరిచాను. కంప్యూటర్ సంగతులు తనకు తెలియవనే ఆ పెద్దాయన కళ్లద్దాలు సవరించుకుని వరుసగా చిరునామాలు చదువుతూ, “ఒరే, రాజాం ఇంకా మన జిల్లాలోనే ఉందేమిట్రా?” అన్నారు. ఆ చిరునామాను నొక్కితే 404, అంటే ‘పేజీ లేదు’ అనే సందేశం వచ్చింది. వంగర నొక్కినా అంతే. ఆయన ఎంతో శ్రమపడి రాసిన సాలిహుండం బౌద్ధ స్తూపాల పేజీ అసలు జాబితాలోనే లేదు, ముఖపుట నుంచి దానికి లంకె కూడా లేదు. ఏ దారీ లేని పేజీని గూగుల్ ఎలా కనుక్కుంటుంది? సైట్‌మ్యాప్ ఉన్నంత మాత్రాన పేజీలు గూగుల్‌లోకి ఎక్కవు; అది పేజీలు ఫలానా చోట ఉన్నాయని తెలిపే జాబితా మాత్రమే. ఆ జాబితాలో సగం చోట్ల ఏమీ లేదని తేలితే మిగతా సగాన్ని కూడా తీరిగ్గానే చూస్తారని నా దృఢమైన అభిప్రాయం.

ఆ ఫైలులో మరొక అబద్ధం కూడా ఉంది. ప్రతి పేజీ చివరిసారి ఎప్పుడు మారిందో చెప్పే ‘లాస్ట్‌మాడ్’ తేదీ అన్ని పేజీలకూ ఒకటే వేసి ఉంది. ఆ తేదీ నిజమైనదని ఎప్పటికప్పుడు రుజువవుతూ ఉంటేనే గూగుల్ దానిని లెక్కలోకి తీసుకుంటుంది. ‘చేంజ్‌ఫ్రీక్’, ‘ప్రయారిటీ’ అనే మిగతా రెండింటినీ గూగుల్ పట్టించుకోదు కనుక, వాటిని నింపడానికి ఎవరైనా మీ దగ్గర డబ్బు అడిగితే ఇవ్వకండి.

చచ్చిన చిరునామాలు తీసివేసి, దారి మళ్లింపులు పెట్టి, ప్రతి ఊరి పేజీకి మండలం పేజీ నుంచి లంకె ఇచ్చి, నిజమైన తేదీలతో ఫైలును తిరిగి తయారుచేశాక సాలిహుండం పేజీ గూగుల్‌లోకి వచ్చింది. అయితే మాస్టారు పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేయించిన పీడీఎఫ్‌లు మాత్రం తెలుగు మాటలతో వెతికితే నేటికీ దొరకవు, ఎందుకంటే కంటికి తెలుగులా కనిపించే ఆ అక్షరాల వెనుక ఉన్నవి రోమన్ గుర్తులే. తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలు ఇచ్చే యూనికోడ్ వచ్చి ఇన్నేళ్లయినా మన ప్రాంతపు ముద్రణాలయాలు ఆ ఫాంట్లను వదలకపోవడం వల్ల ఎంత ఉత్తరాంధ్ర చరిత్ర వెతుకులాటకు అందకుండా పోతోందో తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

మాస్టారి సైట్‌ను తరువాత వర్డ్‌ప్రెస్‌లోకి మార్చినప్పుడు తెలిసిన విషయం మీకు నేరుగా పనికివస్తుంది. పేజీ చిరునామాలో (యూఆర్ఎల్‌లో) ఒక్కొక్క తెలుగు గుర్తు 9 అక్షరాల సంకేతంగా మారుతుంది. గుణింతం గుర్తులు, పొల్లు, సున్న అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి. వర్డ్‌ప్రెస్ పేజీ పేరుకు ఇచ్చే చోటు 200 అక్షరాలే కనుక, ‘శ్రీముఖలింగం మధుకేశ్వరాలయ చరిత్ర’ అనే శీర్షిక చిరునామాలో ‘శ్రీముఖలింగం-మధుకేశ్వరా’ దగ్గరే తెగిపోయింది. అదే ఆలయపు శిల్పాల గురించిన పేజీ కూడా ఇంచుమించు అక్కడే తెగి, చివర 2 అంకె తగిలించుకుని కూర్చుంది. తెలుగులోనే చిరునామాలు పెట్టుకోండి, కానీ రెండు పొట్టి మాటలకు మించనివ్వకండి.

5.5 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్ తానే సైట్‌మ్యాప్ తయారుచేస్తుంది. ఒక్క ఫైలులో 50,000 చిరునామాల వరకు పెట్టవచ్చు కనుక మీకు పరిమితితో పని లేదు. సెట్టింగ్స్‌లోని రీడింగ్ విభాగంలో సెర్చ్ ఇంజిన్లను వద్దనే గడిలో టిక్కు ఉందేమో మాత్రం చూసుకోండి. సైట్ కడుతున్నప్పుడు పెట్టిన ఆ టిక్కును తీయడం చాలామంది మరిచిపోతారు. సైట్‌మ్యాప్ పూర్తి చిరునామాను సెర్చ్ ఇంజిన్లకు సూచనలు ఇచ్చే రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ (robots.txt) ఫైలులో ఒక వరుసగా రాస్తే బింగ్ వంటి ఇతర సెర్చ్ ఇంజిన్లకూ అది తెలుస్తుంది.

ఇవన్నీ సరిగ్గా ఉండి, సెర్చ్ కన్సోల్‌లో ‘క్రాల్డ్ – కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్’ అని వస్తే, గూగుల్ మీ పేజీని చూసి కూడా పక్కన పెట్టిందని అర్థం. డబ్ల్యూ 180, డబ్ల్యూ 210, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అనే గుండు పప్పు గ్రేడుల పేజీలన్నింటిలో ఒకే వర్ణన పెట్టి అంకె ఒక్కటే మార్చి ఉంటే ఏ సైట్‌మ్యాప్ కూడా సాయపడదు. డబ్ల్యూ 240 అంటే పౌనుకు 220 నుంచి 240 పప్పులు, డబ్ల్యూ 320 అంటే 300 నుంచి 320 పప్పులు అనీ, ఏది మిఠాయికి వాడతారో, ఏది వేయించి అమ్మడానికి కొంటారో, ధరలో తేడా ఎందుకో మీ బట్టీలో పనిచేసేవారిని అడిగి ప్రతి పేజీలోనూ విడిగా రాయండి. ఆ తరువాత ఆ పేజీ లాస్ట్‌మాడ్ తేదీ మారితే, ఆ మార్పు నిజమైనదే అవుతుంది.