మొదటి లూపుకు ముందు

చిరంజీవి నాయనా,

వచ్చే వారం నీ పైలట్ శిక్షణలో ఏరోబాటిక్స్, అదే విమానంతో గాలిలో విన్యాసాలు, మొదలని రాశావు. ఉత్తరమంతా జీ గురించే, అంటే విన్యాసాల్లో మన బరువు ఎన్ని రెట్లవుతుందో దాని గురించే ఉంది. దాని సంగతి తర్వాత, ముందు నీ జేబులు చూసుకో.

నేను ఒకసారి మోకాలి జేబు జిప్పు వేయడం మరిచాను. స్లో రోల్‌లో, అంటే విమానాన్ని నెమ్మదిగా పక్కకు పొర్లించేటప్పుడు, తలకిందులై స్టిక్‌ను (విమానాన్ని నడిపే కర్రను) ముందుకు నెట్టగానే పెన్సిలు పైకి తేలి, నా ముక్కు ముందు నింపాదిగా ఈదుకుంటూ పోయి తల మీది గాజు కప్పుకు, అదే క్యానపీకి, అంటుకుంది. విమానం మళ్లీ మామూలు స్థితికి వచ్చేసరికి మాయం. స్టిక్ అడుగున దూరితే కంట్రోళ్లు బిగుసుకుపోతాయి. ఎగరడం ఆపేసి దిగాం. కాక్‌పిట్ విప్పి వెతికిన మెకానిక్కుల ముఖం చూడలేకపోయాను.

ఇక లూపు, అంటే గాలిలో నిలువుగా కొట్టే పూర్తి చుట్టు. ఎత్తు, పట్టీలు, ఇంజను చూసుకున్నాక రెండు వైపులా తిరిగి, చుట్టుపక్కల ఎవరూ లేరని రూఢి చేసుకో. ముక్కు దించి, చెప్పిన వేగం అందేదాకా ఆగు. స్టిక్ లాగడానికి ముందే కాళ్లు, పొట్ట బిగించాలి. రక్తం కిందికి దిగిపోయాక బిగించి లాభం లేదు. మూడు సెకన్లకోసారి చప్పున ఊపిరి మార్చు. చూపు అంచుల్లో బూడిదరంగు కమ్మితే స్టిక్ సడలించు, పౌరుషానికి పోకు.

ముక్కు నిలువుగా లేచాక ఎదురుగా ఆకాశం తప్ప ఏమీ ఉండదు. కొత్తవాళ్లు దాన్నే చూస్తూ కూర్చుంటారు. నువ్వు మెడ వెనక్కి వాల్చి అవతలి దిగంతాన్ని వెతుకు. క్యానపీ పై అంచు నుంచి అది తలకిందులుగా దిగివస్తుంది. రెక్కలు దానికి సమంగా లేకపోతే అక్కడే సరిదిద్దు. నా లెక్కన లూపులో సగం పని మెడదే.

పైన వేగం తగ్గి ఉంటుంది కాబట్టి పట్టు వదులు చెయ్యి. 4 జీ దగ్గర స్టాల్ వేగం, అంటే అంతకంటే తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేని వేగం, మామూలుకు రెట్టింపని క్లాసులో రాసుకునే ఉంటావు. అది చేతికి కూడా తెలియాలి. నా మొదటి లూపులో భయపడి ఇంకా లాగాను. విమానం గజగజ వణికి పక్కకు ఒరిగింది. వెనక సీట్లోని ఇన్‌స్ట్రక్టర్ ఒక్క మాట అనలేదు, అదే పెద్ద తిట్టు. వణుకు తెలియగానే స్టిక్ కాస్త ముందుకు వదిలితే చాలు.

1913లో తొలి లూపు చేసిన రష్యా పైలట్ నెస్టెరోవ్‌కు ప్రభుత్వ సొత్తును ప్రమాదంలో పెట్టాడని ముందు శిక్ష వేశారు. నీకేమో సిలబస్‌లో పెట్టి మరీ చేయిస్తున్నారు!

గాలి నిలకడగా ఉన్న రోజున, బయలుదేరిన చోటికే సరిగ్గా తిరిగొస్తే నీ విమానం వదిలిన సుడిగాలే నీకు అడ్డొచ్చి ఒక చిన్న కుదుపు ఇస్తుంది. అది తగిలిన రోజున నాకు రాయి.

ఆశీస్సులతో,
పెదనాన్న